పాడుపెట్టిన ఇల్లు

నిజనిర్ధారణ కమిటీ అనగానే జనం ఏదో పెద్ద బలగం అనుకుంటారు. మా కమిటీ మొత్తం ఒక ఆటోలో పట్టేది, అదీ ఇంకొకరికి చోటు మిగిలేలా. నల్గొండ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు, ఎల్‌బీ నగర్‌లో ప్రాక్టీసు చేసే ఒక లాయరమ్మాయి, నేను. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో పాతికేళ్లకు పైగా ఉంటున్నాను. తలుపులు మూసి ఉండే చోట్ల, అంటే లాకప్పులు, హాస్టళ్లు, ఆశ్రమాలు, అలాంటి చోట్ల లోపల ఎవరికైనా ఏమైనా అయిందని తెలిస్తే వెళ్లి విచారించి రిపోర్టు రాయడం మా పని. జీతం లేదు. మధ్యాహ్నం భోజనం కూడా ఎవరిది వాళ్లదే.

నన్నెందుకు చేర్చుకున్నారని లెక్చరర్ గారిని ఒకసారి అడిగాను. "స్త్రీల సమస్యలు స్త్రీలే అర్థం చేసుకుంటరు మేడం" అని పెద్ద మాట చెప్పారు. అసలు కారణం నాకు తెలుసు. నన్ను చూస్తే ఎవరైనా పేరంటానికి వచ్చిందనుకుంటారు, విచారణకు వచ్చిందనుకోరు. ఆయన్ను చూస్తే మాత్రం జోలెసంచీ, గడ్డం, జేబులో రెండు పెన్నులు చూసి వాచ్‌మన్ కూడా లేచి నిలబడి "సార్ లేడు సార్" అనేస్తాడు, ఇంకా ఎవరినీ అడక్కముందే.

ఆ ఏడు ఉగాది వెళ్లాక హయత్‌నగర్ నుంచి ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఒక గదిలో కిరాయికి ఉంటోంది, బట్టలు కుడుతుంది. భర్త ట్రాలీ ఆటో నడిపేవాడు, తాగేవాడు. దసరా తర్వాత తమ్ముడి సాయంతో అతన్ని ఒక ప్రైవేటు డి-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించింది. చేర్చిన రోజు గేటు దాకానే రానిచ్చారు. మొదట్లో ఇంటివాళ్లను చూస్తే మనసు మారుతుందని చూడనివ్వలేదు. ఆ మొదట్లో అనేది ఎప్పటికీ అయిపోలేదు. మాఘమాసంలో ఒక రోజు ఫోన్ చేసి, మీ ఆయన గోడ దూకి పారిపోయాడు, మీ ఇంటికొస్తే మాకు చెప్పండి అన్నారు. పోలీసులకు చెబితే, తాగుబోతే కదమ్మా, డబ్బులైపోతే వాడే వస్తాడు అని ఓదార్చి పంపారు.

"మేడం, ఉన్నడా లేడా, గదొక్కటి చెప్పున్రి" అంది. "ఉంటే నాలుగు తన్ని తీస్కొస్త. లేకుంటే కూసోని ఏడుస్త. గీ నడిమిట్ల ఉండుడు నాతోని అయితలేదు."

అప్పటివరకు మా దగ్గరికి వచ్చినవాళ్లు న్యాయం కావాలని అడిగేవాళ్లు. న్యాయం అంటే లెక్చరర్ గారికి నోటినిండా మాటలుంటాయి. ఈమె అడిగింది అది కాదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మంచిదమ్మా, ఎంక్వయిరీ చేస్తం" అన్నారు.

ఎంక్వయిరీ అంటే మా పద్ధతి ఒకటుంది. లెక్చరర్ గారు ప్రజాస్వామికవాది. ఎవరి మీద విచారణకు వెళ్తున్నామో వాళ్లకు ముందుగా ఫోన్ చేసి, ఫలానా రోజు ఫలానా వేళకు వస్తున్నాం, సహకరించగలరు అని చెబుతారు. చెప్పకుండా వెళ్తే అది దాడి అవుతుందట. నేను చాలాసార్లు చెప్పి చూశాను, సార్, దొంగ ఇంటికి వెళ్తూ కబురు పంపితే ఏమవుతుందో చంటిపిల్లలకు కూడా తెలుసు అని. "మనం పోలీసులం కాదు మేడం" అనేవారు. నిజమే. పోలీసులు కూడా కబురు పంపే వెళ్తారు, కాకపోతే వేరే కారణాలకి.

కాబట్టి మేం వెళ్లేసరికి సెంటర్ ఫినాయిల్ వాసనతో మాకు స్వాగతం చెప్పింది. ఎల్‌బీ నగర్ దాటి హయత్‌నగర్ వెళ్లే రోడ్డు పక్కన కొత్త కాలనీలో మూడంతస్తుల ఇల్లు. కింద ఓనర్ల పోర్షన్, పై రెండంతస్తులూ సెంటర్‌వి. గోడ మీద సూర్యోదయం బొమ్మ, దాని కింద 'కుటుంబ వాతావరణం' అని రాసి ఉంది. మేనేజరు చాలా మర్యాదస్తుడు. మాకు టీ, బిస్కెట్లు పెట్టించి, పైన హాల్లోకి తీసుకెళ్లాడు. మగవాళ్లు వరసలుగా నేల మీద కూర్చున్నారు. అందరికీ ఒకే రంగు టీషర్టు, అందరికీ గుండు. కిటికీలన్నిటికీ రేకులు కొట్టి ఉన్నాయి, పట్టపగలు ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి.

"మీకు ఇక్కడ ఏమన్న ఇబ్బంది ఉన్నదా?" అని లెక్చరర్ గారు మేనేజరును పక్కనే పెట్టుకుని అడిగారు.

"బాగున్నం సార్" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. మా బడిలో ఇన్‌స్పెక్షన్‌కు పిల్లల చేత కూడా నేనంత బాగా చెప్పించలేకపోయాను.

వెనక వరసలో ఒక ముసలాయన మాత్రం నా వైపే చూస్తూ, మేనేజరు అటు తిరిగిన క్షణంలో మెల్లగా అడిగాడు. "అమ్మా, బయట ఎండకాలం వచ్చిందా?"

వచ్చిందన్నాను. ఆయన తల ఊపి మళ్లీ ముందుకు తిరిగి కూర్చున్నాడు. నాకు అక్కడే ఒళ్లు మండిపోయింది. బిస్కెట్ల ప్లేటు తీసి మేనేజరు మొహాన కొట్టాలనిపించింది. లాయరమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని కిందికి నడిపించింది.

పారిపోయాడన్న గోడ చూపించమన్నాం. మనిషికి రెట్టింపు ఎత్తు, పైన గాజుపెంకులు, వాటి మీద ముళ్లతీగ. దాన్ని దూకగలిగిన మనిషిని ఒలింపిక్స్‌కు పంపాలి గాని ఇక్కడ పెట్టుకోవడం ఏమిటి అన్నాను. మేనేజరు నవ్వాడు. "మత్తు కోసం ఏమైనా చేస్తరు మేడం" అన్నాడు. హయత్‌నగర్ ఆవిడ ఇచ్చిన భర్త ఫొటో చూపిస్తే, అవును, ఇతనే, మంచి మనిషి, ఎక్కడున్నాడో పాపం అని బాధపడ్డాడు కూడా. లెక్చరర్ గారు అన్నీ రాసుకున్నారు. నిజాన్ని నిర్ధారించేందుకు అక్కడ ఏమీ లేదు.

గేటు వైపు వస్తుంటే నా కళ్లు కింది పోర్షన్ మీద పడ్డాయి. తాళం వేసి ఉంది. కిటికీలకు పరదాలున్నాయి, వరండాలో ఉయ్యాల ఉంది, గోడకు గడియారం కూడా ఉంది, అది ఆగిపోయి ఉంది. గడపకు పసుపు లేదు, ముందు ముగ్గు వేసి చాలా కాలమైనట్టుంది. తులసికోట ఉండాల్సిన చోట సిమెంటు మీద గుండ్రటి మరక మాత్రం ఉంది. కుండీతో సహా ఎత్తుకెళ్లారు.

"ఓనర్లు ఏరీ?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"రిపేర్లున్నయని కిరాయికి పోయిన్రు మేడం. ఎల్‌బీ నగర్‌ల ఉంటున్రు."

రిపేరంటే ఇసుక ఉండాలి, సిమెంటు బస్తా ఉండాలి, కనీసం ఒక తాపీమేస్త్రీ తిట్లు వినపడాలి. ఇక్కడ అవేవీ లేవు. సొంత ఇల్లు, సామాను లోపలే, తులసమ్మ మాత్రం బయటికి. ఆటో ఎక్కాక నాకు తట్టింది. మా తాతగారు పోయినప్పుడు మేమూ అలాగే వెళ్లాం. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంట్లో ఉండకూడదని, తాళం వేసి నెలల తరబడి వదిలేస్తారు. ఇల్లు పాడుపెట్టడం అంటారు దాన్ని. మేం ఆరు నెలలు ఎదురింటివాళ్ల వసారాలో వండుకు తిన్నాం.

"సార్, ఆ ఇంట్లో ఎవరో చచ్చిపోయారు" అన్నాను.

విషయం చెబితే లెక్చరర్ గారి మొహం మాడిపోయింది. ఆయన జాతకాలను, వాస్తును, ముహూర్తాలను జీవితమంతా ఖండించిన మనిషి. తన పెళ్లి కూడా వెతికి మరీ మూఢంలో చేసుకున్నారు. "మేడం, మనం శాస్త్రీయంగ పోవాలె. నక్షత్రాలు పట్టుకొని రిపోర్టు రాస్తమా?" అన్నారు.

"నక్షత్రాన్ని మీరు నమ్మక్కర్లేదు సార్. వాళ్లు నమ్మితే చాలు."

లాయరమ్మాయి నవ్వు ఆపుకోలేక రోడ్డు వైపు తిరిగింది.

మర్నాడు నేనొక్కదాన్నే బయల్దేరాను, కబురు పంపకుండా. కాలనీ మూల కిరాణా కొట్టు ఆవిడను అడిగితే వాళ్ల కొత్త చిరునామా వివరంగా చెప్పింది. మెట్రో స్టేషన్ వెనక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. తలుపు తీసిన కోడలితో, మీ కింది పోర్షన్ ఖాళీగా ఉంది కదా, అద్దెకిస్తారేమో కనుక్కుందామని వచ్చానన్నాను. నా మాట యాస వినగానే ఆమె కళ్లు వెలిగాయి.

"మీదే ఊరండీ?"

మావాళ్లు ఈ నగరంలో ఎన్నేళ్లున్నా ఆ ప్రశ్న అడగకుండా మంచినీళ్లు కూడా ఇవ్వరు. వాళ్లది తెనాలి పక్క. మా ఆడపడుచును ఇచ్చింది వాళ్ల పక్క ఊరే. రెండు పెళ్లిళ్లు, ఒక భూతగాదా దాటేసరికి నేను వాళ్లకు వరసకు ఏదో అయిపోయాను. కాఫీ వచ్చింది. దివాన్ మీద కూర్చుని అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఎనభై దాటినా చెవులు పాముచెవులని తర్వాత తెలిసింది.

"ఇల్లు ఇవ్వడానికి అభ్యంతరం లేదండీ, శ్రావణమాసం దాకా ఆగాలి. రిపేర్లు" అంది కోడలు.

"అయ్యో, ఆరు నెలల పట్టింపే! ఏ నక్షత్రమమ్మా?" అన్నాను, కాఫీ ఊదుకుంటూ.

"ధనిష్ఠండీ" అనేసింది.

అన్నాక నోరు మూసుకుంది గాని, మాట బయటికి వచ్చేసింది. నేను కప్పు కింద పెట్టాను. ఎవరు పోయారమ్మా అని అడిగాను. ఎదురుగా అత్తగారు నిక్షేపంలా ఉన్నారు. గోడ మీద మామగారి ఫొటో పాతబడి రంగు వెలిసిపోయి ఉంది. భర్త షాపులో ఉన్నాడని ఇందాకే చెప్పింది. పిల్లాడు పక్క గదిలో ఎంట్రన్స్‌కు చదువుతున్నాడు, వాడి దగ్గు వినిపిస్తోంది. కోడలు ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది, ఎవరిని చంపాలో తోచక.

"దూరపు చుట్టం" అంది చివరికి.

"చుట్టమూ కాదు, పక్కమూ కాదు" అన్నారు అత్తగారు, చిక్కుడుకాయలు పక్కకు నెట్టి. "పైన పోయాడు. ఎవరో కన్నబిడ్డ. అమ్మాయ్, నువ్వు ఇంటి కోసం రాలేదని నువ్వు గుమ్మంలో ఉండగానే అనుకున్నాను. ఇల్లు కావలసినవాళ్లు ముందు నీళ్లొస్తాయా అని అడుగుతారు."

నేను ఇక నటించడం మానేసి సంచిలోంచి ఫొటో తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి, ఫొటోను వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇతనే. మెట్ల మీద ఎండలో నిలబెట్టేవాళ్లు. కూర్చుంటే కర్రతో లేపేవాళ్లు. ఒకరోజు వంటింటి కిటికీలోంచి చెంబుడు నీళ్లిచ్చాను. తాగి దణ్ణం పెట్టాడు. మర్నాటికి మా కిటికీకి కూడా రేకు కొట్టేశారు, మా ఇంటి కిటికీకి! మావాడు ఏమీ అనలేదు. ఆ తర్వాత రోజంతా పైనుంచి అరుపులు వినపడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. తెల్లారకముందే చాపలో చుట్టి వ్యాన్‌లో వేసుకుపోయారు. మాఘ శుద్ధ పాడ్యమి."

కోడలు ఏడుపు మొదలెట్టింది. "అత్తయ్యా, ఊరుకోండి. ఆయనకు తెలిస్తే చంపేస్తారు."

"చంపేటట్టయితే ఈసారి మంచి నక్షత్రం చూసి చంపమను" అన్నారావిడ.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. అప్పుడు ఆవిడ అసలు బాధ చెప్పారు. శాంతి చేయించేటప్పుడు పంతులుగారు పోయినవాడి పేరు, గోత్రం చెప్పమన్నాడట. కొడుకు తెలియక నోటికొచ్చిన పేరేదో చెప్పాడట. ఆ రోజు నుంచి ఆవిడకు నిద్ర లేదు. బాత్రూంలో జారిపడ్డదీ, మనవడికి మార్కులు తగ్గిందీ, ఈ అద్దె ఇంట్లో కుళాయి రానిదీ, అన్నీ ఆ తప్పుడు పేరు వల్లేనని ఆవిడ లెక్క. "ఎవరి పేరునో చేసిన శాంతి ఇతనికెలా చేరుతుంది? ఇతని పేరేమిటమ్మాయ్?"

చెప్పాను. ఆవిడ రెండుసార్లు పైకే అనుకున్నారు.

"పైన అంతమంది ఇంకా ఉన్నారు కదండీ పెద్దమ్మగారూ. వాళ్లకు దోషం లేదా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. మూడు గదుల పోర్షన్‌కు పట్టిన దోషం పై అంతస్తుకు మెట్లెక్కలేకపోయిందా అని నాకు కోపంగా ఉంది.

"వాళ్లనీ పంపించెయ్యమన్నాను. అగ్రిమెంటు ఉందన్నాడు మావాడు" అన్నారావిడ, నా కళ్లలోకి చూడకుండా.

లాయరమ్మాయి కేసు పెట్టించాక ఆవిడ మెజిస్ట్రేటు ముందు కూడా అలాగే చెప్పారు, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా. కొడుకు పది రోజులు తల్లితో మాట్లాడలేదట. మాట్లాడకపోతే మంచిదే, టీవీ బాగా వినపడింది అన్నారు నాతో. పాడ్యమి నాడు ఏ తేదీయో చూసుకుని లాయరమ్మాయి వెతికిస్తే, ఊరి చివర రోడ్డు పక్కన దొరికిన గుర్తుతెలియని శవం ఒకటి మార్చురీకి వచ్చినట్టు తెలిసింది. ఎవరూ రాకపోతే మున్సిపాలిటీవాళ్లే దహనం చేసేశారు. ఫొటోలు మాత్రం మిగిలాయి. ఒంటి మీద దెబ్బలున్నాయి. చేతి మీద భార్య పేరు పచ్చబొట్టు ఉంది.

మేనేజరును అరెస్టు చేశారు, బెయిలు మీద వచ్చాడు, కేసు ఇంకా నడుస్తోంది. ఆ రెండంతస్తుల్లో ఉన్నవాళ్లను వాళ్ల ఇళ్లకు పంపించారు. ఎండాకాలం వచ్చిందా అని అడిగిన ముసలాయన కొడుకు స్కూటర్ వెనక కూర్చుని వెళ్లిపోయాడట, నేను చూడలేదు. ఇక మా రిపోర్టులో ధనిష్ఠా నక్షత్రాన్ని రాయాలా వద్దా అని లెక్చరర్ గారికీ నాకూ వారం రోజులు యుద్ధం జరిగింది. చివరికి 'స్థానిక విశ్వాసాల నేపథ్యంలో లభించిన ఆధారం' అని రాశారు. ఆ వాక్యం చదివిన విలేకరి ఒకాయన నాకు ఫోన్ చేసి, అంటే ఏమిటి మేడం అని అడిగాడు.

ఆ శవం ఫొటోలు దొరికిన రోజు హయత్‌నగర్ వెళ్లి ఆమెకు చెప్పడం మాత్రం ఎవరూ నన్ను అడక్కుండానే నా వంతుకు వచ్చింది. లెక్చరర్ గారూ, లాయరమ్మాయీ గది బయటే నిలబడ్డారు. ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. అంతా చెప్పాను, ఇంటివాళ్లు ఊరికే ఇల్లు వదల్లేదని కూడా. ఏడుస్తానని చెప్పిన మనిషి ఏడవలేదు. మిషన్ మీది గుడ్డను చేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

"మాఘమాసంల మా మేనమామ బిడ్డ పెండ్లి అయింది మేడం" అంది. "ఆయన ఏడున్నా పెండ్లి బువ్వ అంటే ఆగడు. ఆడికన్న ఒస్తడని పోయిన. కొత్త చీర కట్టుకున్న, చేతుల నిండ గాజులేసుకున్న, పూలు పెట్టుకున్న. పొద్దుందాక గేటు దిక్కే చూసిన. అప్పటికే ఆయన లేడు గద?"

లేడన్నాను.

"ఎవలో ఏమో, మొహం ఎరగనోళ్లు ఆయన పోయిండని ఇల్లిడిచి పోయిన్రు. నేనేమో పూలు పెట్టుకొని పెండ్లికి పోతి."

ఆమె లేచి గది నాలుగు వైపులా చూసింది. మిషను, మంచం, గ్యాస్ స్టవ్వు, మేకుకు వేలాడుతున్న మగచొక్కా. "మరి నేను గూడ ఇడవాలె గద మేడం, ఇల్లు?"

"అక్కర్లేదమ్మా. పోయింది అక్కడ. దోషం ఆ ఇంటికే. నీకేం పట్టింపు లేదు" అన్నాను. ఆమెకు ఊరట కలుగుతుందనుకున్నాను.

"ఆడ ఆయనకేమున్నది మేడం? ఆయన ఇల్లు ఇదే గద."

బయట నిలబడ్డ లెక్చరర్ గారికి ఈ మాట వినపడింది. ఇప్పుడు శాస్త్రీయంగా ఏదైనా అంటారేమో, అంటే ఆయన్ను అక్కడే కడిగేద్దామని చూశాను. ఆయన జోలెసంచీ గుమ్మం పక్కన పెట్టి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మంచం ఒక వైపు పట్టుకున్నారు. రెండో వైపు నేను పట్టుకున్నాను. ఆమె తలుపుకు తాళం వేసి మా వెనకే నడిచింది.